బటన్ల పెట్టె బేఈమానీ అవుతుందా?

పోయిన డిసెంబర్‌లో మా చెల్లెలు ఫోన్ చేసింది. సలామ్, ఖైరియత్ అయ్యీ కాకముందే, "భాయ్, ఊళ్లోవాళ్ల తగాదాలన్నీ పేపర్లో రాస్తుంటావు గదా, మా ఇంట్లో ఒకటుంది, దీనికి ఫైసలా చెప్పు" అంది.

తగాదా మా భాంజాది. పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉన్నాడు. కాలేజీ జల్సాలో టెక్కెన్ 8 పోటీ పెట్టారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, తెర మీద ఇద్దరు పహిల్వాన్లు కొట్టుకుంటారు, ఎవరి ప్రాణం గీత ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. మావాడు రెండు రౌండ్లు గెలిచాడు. మూడోదానికి కూర్చోగానే ఎదుటి కుర్రాడు లేచి, "వీడి చేతిలో ఉన్నదేంటి? స్టిక్ కాదు, ప్యాడ్ కాదు. ఇది చీటింగ్" అన్నాడు. పోటీ పెట్టినవాళ్లు కాసేపు గుసగుసలాడుకుని మావాణ్ణి పక్కన కూర్చోబెట్టారు.

వాడి చేతిలో ఉన్నది ఒక ప్లైవుడ్ పెట్టె. కార్పెంటర్ దగ్గర గుండ్రంగా రంధ్రాలు వేయించి, వాటిలో బటన్లు బిగించి, లోపల రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు పెట్టి వైర్లు తనే అతికాడు. పట్టుకోవడానికి కర్ర లేదు. ముందుకు, వెనక్కి, కిందికి, పైకి, అన్నీ బటన్లే.

"ఆట పోతే పోయింది భాయ్. వాడి మీద బేఈమాన్ అనే మాట పడింది. వాళ్ల అబ్బా ఇన్నేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాడు, ఆయన తరాజూ మీద ఇంతవరకు ఎవరూ వేలు పెట్టి చూపించలేదు" అంది చెల్లెలు. వెనక నుంచి వాడి గొంతు వినపడింది. "మై చీటింగ్ నై కరా మామూ, అమ్మీకు సమ్‌ఝావ్."

నాకు ఆ పెట్టె గురించి అప్పటికి ఒక్క ముక్క తెలియదు. కానీ కర్ర సంగతి తెలుసు. 1993, 94 ప్రాంతంలో కర్నూల్లో మా మొహల్లా దగ్గర ఒక వీడియో గేమ్ పార్లర్ ఉండేది. అందులో అందరికీ ఇష్టమైన ఆట పేరు ముస్తఫా. అసలు పేరు కెడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో జపాన్ కంపెనీ కాప్‌కామ్ చేసింది. అందులో పసుపు టోపీ పెట్టుకున్న ముస్తఫా కైరో అనే పాత్ర ఉండేది కాబట్టి ఇండియా అంతటా పిల్లలు ఆ ఆటకే ముస్తఫా అని పేరు పెట్టేశారు. మావాడి పేరున్న హీరో అని మేం కాలర్ ఎగరేసేవాళ్లం. పక్క డబ్బాలో అదే కంపెనీవాళ్ల స్ట్రీట్ ఫైటర్ 2. ఎడమవైపు స్టిక్ బాగుండేది, కుడివైపుది వదులైపోయి మూలలకు తిరిగేది కాదు. అందుకని ముందు వచ్చినవాడు ఎడమవైపు కూర్చునేవాడు. ఓడినవాడు స్టిక్‌ను తిట్టేవాడు. ఎంత తిట్టినా స్టిక్ దుకాణందారుది, మాది కాదు. ఇంటి నుంచి ఇంకోటి తెచ్చుకోవడమనే ఖయాలే ఎవరికీ రాలేదు.

ఈ తారీఖ్ అంతా తవ్వాక నాకు అర్థమైంది అదే. ఆట బజార్లో ఉన్నంతకాలం ఔజార్ గురించి గొడవ లేదు. ఆట ఇంట్లోకి వచ్చాకే గొడవ మొదలైంది.

మొదటి స్ట్రీట్ ఫైటర్ 1987లో వచ్చింది. తకాషి నిషియామా, హిరోషి మత్సుమోతో తయారుచేశారు. దాని పెద్ద డబ్బాలో ఆరు బటన్లు లేవు. రబ్బరు దిండ్లలాంటివి రెండు ఉండేవి, ఒకటి గుద్దుకు, ఒకటి తన్నుకు. నువ్వు ఎంత గట్టిగా కొడితే తెరమీద దెబ్బ అంత గట్టిగా పడుతుంది. వినడానికి మజాగా ఉంది గానీ పిల్లల చేతులు నొచ్చాయి, డబ్బాలు విరిగాయి. చివరికి ఆరు బటన్ల డబ్బా నిలిచింది. చిన్న, మధ్య, పెద్ద గుద్దులు మూడు, అలాగే తన్నులు మూడు. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 ఈ ఆరు బటన్లతోనే దునియా అంతా తిరిగి మా కర్నూలు దాకా వచ్చింది.

హడోకెన్ అనే అగ్గి ముద్ద వదలాలంటే స్టిక్ కిందికి నొక్కి, మూలకు తిప్పి, ముందుకు తెచ్చి, సరిగ్గా అప్పుడే గుద్దు బటన్ కొట్టాలి. ఆటలో ఒక సెకండ్‌కు 60 బొమ్మలు కదులుతాయి. దెబ్బకు దెబ్బ మధ్య లెక్క ఆ 60లో రెండు మూడు బొమ్మల తేడాతో నడుస్తుంది. అందుకే చేతిలో ఏముందన్నది చిన్న విషయం కాదు.

స్టిక్ ఒకటే అనుకుంటాం. ఒక్కో ముల్క్‌ది ఒక్కో రకం. జపాన్‌ది చిన్న కర్ర మీద గుండ్రటి బంతి, లోపల స్ప్రింగు, కింద నలుచదరపు గాడి. మూలకు పోతే టక్కున ఆగుతుంది. సాన్వా, సేమిత్సు కంపెనీల పేర్లు అక్కడ మన దగ్గర తాళాలకు అలీగఢ్ పేరు ఎంతో అంత. చాలామంది ఆ కర్రను కింద నుంచి వేళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటారు. దాన్ని వైన్ గ్లాసు పట్టు అంటారట. మనం షర్బత్ గ్లాసు పట్టు అనుకుంటే సరిపోతుంది. అమెరికావాళ్ల హ్యాప్ స్టిక్ పొడుగ్గా, బ్యాటు పిడిలా ఉంటుంది, పిడికిలితో పట్టి తిప్పాలి. కొరియాది ఇంకో తరహా. స్ప్రింగు బదులు రబ్బరు, గాడి గుండ్రంగా ఉంటుంది. వదిలితే చటుక్కున మధ్యకు వచ్చేస్తుంది. సియోల్‌లో గ్రీన్ ఆర్కేడ్ లాంటి చోట్ల టెక్కెన్ ఆడి పెరిగినవాళ్ల వేళ్లకు ఆ రబ్బరే అలవాటు. వెనక్కి జరుగుతూ, జరగడాన్ని మధ్యలోనే కోసి, మళ్లీ వెనక్కి జరిగే ఒక చమత్కారం ఉంది, ఎదుటివాడి దెబ్బ అందకుండా. దానికి దునియా అంతా కొరియన్ బ్యాక్‌డాష్ అనే పేరే పెట్టింది. ఆ కదలికకు ఆ రబ్బరు లివర్ బాగా కలిసొస్తుందని అక్కడివాళ్ల నమ్మకం.

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ సాబ్ అందరి రెల్లు కలాలు తనే ఒకే చాకుతో కోసేవారు, ఒకే ఏటవాలులో. ఎవరి రాత బాగుందో ఎవరిది లేదో అప్పుడు తేలిపోయేది. ఎడమచేతి వాటం పిల్లాడు ఒకడుండేవాడు, వాడికి ఆ ఏటవాలు ఎప్పుడూ ఎదురే తిరిగేది. అది మాకెవరికీ తట్టలేదు. పార్లర్‌లోనూ అంతే. ఒకే స్టిక్ అందరికీ ఉంటే ఇన్సాఫ్ అనిపిస్తుంది.

ఇక ఇళ్ల సంగతి. 1982లో నింటెండోలో గున్‌పే యోకోయ్ అనే ఆయన డాంకీ కాంగ్ అనే చేతి ఆటకు బొటనవేలితో నొక్కే కూడిక గుర్తు లాంటి మీట పెట్టాడు. కర్ర పోయి మీట వచ్చింది, జేబులో పట్టేసింది. ఇళ్లల్లో టీవీకి తగిలించే ఆటలన్నిటికీ అదే దారి. 1992లో స్ట్రీట్ ఫైటర్ 2 సూపర్ ఫామికామ్ అనే ఇంటి యంత్రానికి వచ్చినప్పుడు ఆ ప్యాడ్ మీద బటన్లు సరిగ్గా ఆరు. పైన నాలుగు, భుజాల మీద రెండు. పోటీ కంపెనీ సేగా ప్యాడ్‌కు మూడే ఉండేవి. ఆ లోటు తీర్చడానికి సేగావాళ్లు 1993లో ఆరు బటన్ల కొత్త ప్యాడ్ తేవాల్సివచ్చింది. ఒక్క ఆట కోసం ఒక కంపెనీ తన ప్యాడ్ నమూనా మార్చుకుంది!

1994 డిసెంబర్‌లో ప్లేస్టేషన్, అదే నెలలో పార్లర్లలోకి నామ్కోవాళ్ల టెక్కెన్ వచ్చాయి. టెక్కెన్‌కు నాలుగే బటన్లు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు. ప్లేస్టేషన్ ప్యాడ్ ముఖం మీదా నాలుగే. ఆ ఆట డబ్బాలోని యంత్రం కూడా ప్లేస్టేషన్ నమూనా మీద చేసిందే. అందుకే టెక్కెన్‌ను పార్లర్‌లో ఆడినవాడికీ ఇంట్లో ఆడినవాడికీ మధ్య దూరం తక్కువ. స్ట్రీట్ ఫైటర్‌లో మాత్రం "ప్యాడ్ పిల్లకాయలది, స్టిక్ ఉస్తాద్‌లది" అనే గురూర్ చాలాకాలం నడిచింది.

ఈ పోటీలన్నిటికీ పెద్ద మేళా ఈవో. 1996లో కాలిఫోర్నియాలో బ్యాటిల్ బై ద బే అనే చిన్న పోటీగా మొదలై, 2002 నుంచి ఈవో అయింది. 2004లో పెట్టినవాళ్లు ఒక ఫైసలా తీసుకున్నారు. పార్లర్ డబ్బాలు వద్దు, ఇకనుంచి అన్ని ఆటలూ ఇంటి యంత్రాల మీదే. పాతకాపులు నారాజ్ అయ్యారు. అదే ఏడాది జపాన్‌కు చెందిన దైగో ఉమెహరా తన బొమ్మకు ప్రాణం వెంట్రుకవాసి మిగిలి ఉండగా, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ వదిలిన 15 తన్నుల దెబ్బను ఒక్కోటీ ఒక్కోటీ అడ్డుకుని గెలిచిన ఆట ఇప్పటికీ ఆన్‌లైన్‌లో తిరుగుతూనే ఉంది. అంతా ఆ వీడియోనే గుర్తుపెట్టుకున్నారు. ఆ పోటీ ఫైనల్లో దైగో ఓడిపోయాడనే సంగతి ఎవరూ చెప్పరు. మన కథకు కావాల్సింది మాత్రం ఆ సంవత్సరం తీసుకున్న నిర్ణయమే. దుకాణందారుడి స్టిక్ పోయింది. ఎవరి ఔజార్ వాళ్లు బగల్లో పెట్టుకుని రావాలి.

2009లో స్ట్రీట్ ఫైటర్ 4 ఇళ్లకు వచ్చినప్పుడు మ్యాడ్ క్యాట్జ్ అనే కంపెనీ జపాన్ సాన్వా విడిభాగాలతో పెద్ద స్టిక్ అమ్మింది. ధర 150 డాలర్ల ప్రాంతం. ఆ స్టిక్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఒక షాన్ అయింది. ఆ షాన్‌ను 2014 ఈవోలో ఒక ఫ్రెంచ్ కుర్రాడు దించాడు. పేరు ఒలివియే హే, ఆటలో పేరు లూఫీ. చేతిలో ఉన్నది మొదటి ప్లేస్టేషన్ నాటి బూడిదరంగు ప్యాడ్, దాదాపు 20 ఏళ్ల పాతది, కొత్త యంత్రానికి ఒక అడాప్టర్‌తో తగిలించుకున్నాడు. జపాన్ ఉస్తాద్ బాన్‌చాన్‌ను ఫైనల్లో ఓడించాడు. తర్వాత 2016 కాప్‌కామ్ కప్ నకల్‌డూ, 2019 కప్ ఐడామ్ గెలిచారు. ఇద్దరూ ప్యాడ్ ఆటగాళ్లే. ఐడామ్ చేతిలో ఉన్నది ప్లేస్టేషన్ 4తో పాటు డబ్బాలో వచ్చే మామూలు ప్యాడ్. స్టిక్ లేకపోతే ఆటగాడే కాదన్న మాట అక్కడితో పలచబడింది.

ఇప్పుడు మా భాంజా పెట్టె దగ్గరికొద్దాం. 2010 తర్వాత అమెరికాలో హిట్ బాక్స్ అనే కంపెనీ కర్ర లేని పెట్టె అమ్మడం మొదలుపెట్టింది. ఎడమచేతి మూడు వేళ్ల కింద వెనక్కి, కిందికి, ముందుకు. దూకడానికి బొటనవేలి దగ్గర పెద్ద బటన్. కర్ర ఒక మూల నుంచి ఇంకో మూలకు ప్రయాణం చేయాలి. వేలికి ప్రయాణం లేదు, అక్కడే ఉండి నొక్కితే చాలు. చెప్పాలంటే ఇది కంప్యూటర్ కీబోర్డు తరీఖా. మా కాలం తర్వాతి పిల్లలు నెట్ కేఫ్‌లలో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97ను కీబోర్డు మీద ఆడారు, స్టిక్ కొనే స్తోమత లేక. మా భాంజా కూడా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే టెక్కెన్ నేర్చాడు. గరీబీలో పడిన ఆదత్, తర్వాత ఖరీదైన పెట్టెగా బజార్లోకొచ్చింది. నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది.

కానీ ఈ పెట్టెలో నిజంగానే ఒక చిక్కుంది. కర్రను ఒకేసారి ఎడమకూ కుడికీ తిప్పలేం. బటన్లను మాత్రం రెండూ కలిపి నొక్కొచ్చు. అప్పుడు బొమ్మ ఎటు పోవాలి? ఒక పద్ధతిలో రెండూ రద్దై బొమ్మ నిలబడుతుంది. ఇంకో పద్ధతిలో ఆఖరున నొక్కినదే చెల్లుతుంది. ఈ రెండోదానితో పెద్ద సౌకర్యముంది. వెనక్కి బటన్ నొక్కిపట్టి కాచుకుంటూ ఉండగానే, ముందుకు బటన్ తట్టి దూసుకుపోయి, వేలు తీసిన మరుక్షణం మళ్లీ కాపులో ఉండొచ్చు. కర్ర పట్టుకున్నవాడు అంతదూరం తిప్పి రావాలి. ప్యాడ్ మీట కూడా ఒకవైపు నొక్కితే రెండోవైపు లేస్తుంది.

2019లో దైగో, అవును, ఆ 2004 దైగోనే, 38వ ఏటికి దగ్గరపడుతూ కర్ర పక్కనపెట్టి గాఫ్రోబాక్స్ అనే బటన్ల పెట్టె పట్టాడు. పార్లర్లలో పెరిగిన మనిషి ఆ వయసులో వేళ్లకు మళ్లీ అలిఫ్ బే నేర్పించుకున్నాడు. నాకు ఆ 15 తన్నుల వీడియో కన్నా ఇదే గొప్పగా అనిపించింది. కాప్‌కామ్‌వాళ్లు తమ పోటీల్లో ఆ పెట్టెను ఒప్పుకోలేదు. గొడవ అయింది. కర్ర లేకపోవడం మీద కాదు గొడవ, ఎదురెదురు బటన్లు కలిసినప్పుడు ఏమవుతుందన్న దాని మీద. 2023లో స్ట్రీట్ ఫైటర్ 6 వచ్చేసరికి ఆ కంపెనీ తమ పోటీలకు గట్టి ఖాయిదా పెట్టింది. ఎడమ, కుడి కలిస్తే బొమ్మ నిలబడిపోవాలి. ఆఖరున నొక్కినది చెల్లే పద్ధతి నడవదు. బటన్ల పెట్టె మాత్రం జాయెజ్.

మన పిల్లలకు ఈ పెట్టె ఎలా తెలిసిందో వేరే చెప్పక్కర్లేదు. లాహోర్ కుర్రాడు అర్సలాన్ సిద్దీఖ్, ఆటలో అర్సలాన్ యాష్. 2019 ఫిబ్రవరిలో వీసా తంటాలు, విమానాల తంటాలు దాటుకుని జపాన్‌లోని ఫుకువోకాకు ఆఖరి ఘడియలో చేరి, ఎవరూ పేరు వినని మనిషి టెక్కెన్ 7లో ఈవో జపాన్ గెలిచాడు. గెలిచాక, మా దేశంలో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్నట్టు మాట్లాడితే జనం నమ్మలేదు. కొరియా ఉస్తాద్ నీ స్వయంగా పాకిస్తాన్ వెళ్లి వాళ్లతో ఆడి చూశాడు. అదే ఆగస్టులో లాస్ వేగాస్ ఈవో ఫైనల్లో అర్సలాన్ ఆ నీనే ఓడించాడు. 2023, 2024 ఈవోలూ అతనివే. 2025 ఈవో ఫైనల్లో ఎదుట కూర్చున్నది అతని హమ్‌వతన్ ఆతిఫ్ బట్. అర్సలాన్ లాహోర్ పార్లర్లలో కింగ్ ఆఫ్ ఫైటర్స్‌తో మొదలుపెట్టిన మనిషి, అంటే కర్రతో. పెద్ద పేరొచ్చింది మాత్రం బటన్ల పెట్టెతో. ఈమధ్య మన మొహల్లాల్లో కుర్రాళ్లు స్టిక్ వద్దు, పెట్టె కావాలంటున్నారంటే అందులో అతని వాటా ఉంది.

ఇంత చదివాక నాకు ధైర్యం వచ్చింది. చెల్లెలికి ఫోన్ చేసి, పెట్టె తప్పు కాదు, ప్రపంచ పోటీల్లోనే నడుస్తోంది, మీవాణ్ణి లేపినవాళ్లకు తెలియదు అని చెప్పేద్దామనుకున్నా. ఫైసలా దాదాపు రాసేసినట్టే. కానీ పేపర్లో పనిచేసేవాడికి రెండోవైపు వినకపోతే నిద్ర పట్టదు. పోటీ పెట్టినవాళ్ల భయమూ కొంత నిజమే. కంపెనీ పెట్టెలో ఏముందో కాగితం మీద ఉంటుంది. ఇంట్లో చేసిన పెట్టెలో ఒక్క బటన్ నొక్కితే నాలుగు దెబ్బలు పడేలా రాసుకున్నా పైనుంచి కనపడదు. మావాడి పికో బోర్డులో నడిచేది జీపీ2040 అనే ఉచిత ప్రోగ్రామ్. ఎవరైనా దించుకోవచ్చు, తమకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు. మన పిల్లలు వందల రూపాయల బోర్డుతో వేల రూపాయల పెట్టె పని చేయించుకోగలుగుతున్నారంటే దాని చలవే.

వాడికే ఫోన్ చేశా. "బేటా, ఒక సవాల్. ఎడమ, కుడి కలిపి నొక్కితే నీ బొమ్మ ఏం చేస్తుంది?"

అవతల కాసేపు ఖామోషీ.

"మామూ... ఆఖరున నొక్కింది చెల్లుతుంది."

"అది నువ్వే పెట్టావా?"

"ఒక దోస్త్ పెట్టాడు. అందులో రకరకాలుంటాయి, ఇది పెట్టుకుంటే ఆట తేలిక అన్నాడు. నేను అడగలేదు."

"తేలికవుతోందని నీకు తెలుసా లేదా?"

"...తెలుసు మామూ."

నాకు ఏం అనాలో తోచలేదు. కాలేజీ పోటీకి ఖాయిదా అంటూ ఏదీ రాసిలేదు, కాబట్టి తోడింది వీడు కాదు అనొచ్చు. లేపినవాళ్లు పెట్టెను చూసి లేపారు, పెట్టె లోపల చూసి కాదు. కర్ర లేదన్నది వాళ్ల ఫిర్యాదు, ఆ ఫిర్యాదు తప్పు. అసలు తప్పు ఎక్కడుందో వాళ్లకు తెలియదు, మావాడికి కొంత తెలుసు. ఇవన్నీ వాడికి చెప్పా. వాడు ఒక్కమాటకూ ఎదురు చెప్పలేదు. మామూలుగా వాడు అలా ఊరుకునే రకం కాదు.

చెల్లెలికి చెప్పడం ఇంకా కష్టమైంది. "అంటే మావాడి తరాజూలో సున్నం ఉందా?" అని సూటిగా అడిగింది. తరాజూ సరైనదే, ముల్లు కొంచెం పక్కకు పెట్టి ఉంది, దోస్త్ పెట్టాడు, వీడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు అన్నా. "మరి ఆ అబ్బాయిలు బేఈమాన్ అన్నది?" పెట్టెను అన్నారు, అది తప్పు, అన్నా. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్ల అబ్బాకు నువ్వే చెప్పు భాయ్" అంది.

బహనోయీ సాబ్ కొట్లోనే ఉన్నారు. అంతా విని ఒక్కటే అడిగారు, ఆ ముల్లు సరిచేయడానికి ఖర్చెంత అని. ఖర్చేమీ లేదు, కంప్యూటర్‌కు తగిలించి ఒక నొక్కు నొక్కితే మారిపోతుంది అన్నా. "అయితే ఈ రాత్రికే మార్పించు" అని గిరాకీ చూసుకోవడానికి వెళ్లిపోయారు.

మార్చాడు. ఇప్పుడు రెండూ కలిపి నొక్కితే బొమ్మ కదలకుండా నిలబడుతుంది. అంతకుముందు వెనక్కి బటన్ మీద వేలు ఉంచేసే ఆదత్ కదా, ప్రతిసారీ ముందుకు దూకబోయి మధ్యలో కొయ్యబారి దెబ్బలు తింటున్నాడట. జనవరిలో వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. తెర లేదు, వాడి రెండు చేతులు, ప్లైవుడ్ పెట్టె మాత్రమే. ఎడమచేతి ఉంగరపు వేలు లేవాల్సినప్పుడు లేవడంలేదు. చూస్తుండగానే ఓడిపోయాడు. కింద ఒక్క లైను రాశాడు, "మామూ, ఉంగ్లియాఁ సుంతే నై."